హెచ్‌ఐవి నివారణకు తోటివాళ్ల మాట: మీ సర్కిల్‌లో ఎలా మొదలుపెట్టాలి

"మా వాళ్లకి హెచ్‌ఐవి గురించి చెప్పాలి, మంచి పోస్టర్ ఉంటే పంపండి" అని చాలామంది అడుగుతుంటారు. కాలేజీ పిల్లలు, యువజన సంఘాల వాళ్లు, దూరప్రయాణాల డ్రైవర్ల మధ్య పనిచేసేవాళ్లు, ట్రాన్స్ సముదాయంలో ఉన్నవాళ్లు, ఎవరు అడిగినా దాదాపు ఇదే ప్రశ్న.

పోస్టర్ చదివితే విషయం తెలుస్తుంది. తెలిసిన మాత్రాన చేయం కదా. కండోమ్ అంటే ఏమిటో తెలియక మానేసేవాళ్లు తక్కువ. "అడిగితే ఏమనుకుంటారో" అని మానేసేవాళ్లే ఎక్కువ. టెస్టు విషయంలోనూ అంతే, "అక్కడ ఎవరైనా చూస్తే?" అన్నదే అడ్డు. ఇలాంటి సంకోచం డాక్టరు చెబితే పోదు. తనలాంటివాడే ఇంకొకడు "నేను వెళ్లొచ్చా, ఇలా ఉంటుంది" అన్నప్పుడు కొంచెం కొంచెంగా పోతుంది. కాబట్టి పోస్టర్ పక్కన పెట్టి, ఆ మాట చెప్పేవాళ్లను ఎలా తయారు చేసుకోవాలో చూద్దాం.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. అమెరికాలోని బిలోక్సీ ఊళ్లో మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ కెల్లీ బృందం గే బార్లలో (స్వలింగ సంపర్కులు కలుసుకునే బార్లలో) పనిచేసే బార్టెండర్లను "ఇక్కడికి వచ్చేవాళ్లలో నలుగురూ ఎవరి మాట వింటారు?" అని అడిగింది. అలా తేలిన 43 మందికి శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరి చేత కనీసం 14 సార్లు తోటివాళ్లతో మాట్లాడించింది. రక్షణ లేని సెక్స్ బాగా తగ్గిందని 1991లో ప్రకటించింది. తర్వాత చైనా, ఇండియా, పెరూ, రష్యా, జింబాబ్వేల్లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, శిక్షణ పొందినవాళ్లు తిరిగిన చోటికీ తిరగని చోటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు చోట్లా ప్రమాదం తగ్గింది. రెండు చోట్లా టెస్టు, కౌన్సెలింగ్, చికిత్స అందాయి మరి. నా లెక్కలో దీని అర్థం ఒకటే: వట్టి మాట చాలదు, మాట విన్నవాడు లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. కింది పద్ధతిని ఆ ఉద్దేశంతోనే ఈ వరుసలో పెట్టాను.

కావలసినవి

- ఒకరికొకరు నిజంగా పరిచయమున్న ఒక సర్కిల్. యాభై మందైనా సరే, రెండొందల మందైనా సరే. "ఊళ్లో యువత అంతా" అని పెట్టుకుంటే పని సాగదు.
- ఆ సర్కిల్‌లో ప్రతి వందమందికి 15 మంది చొప్పున, మాట చెల్లేవాళ్లు.
- సులువుగా వెళ్లగలిగే టెస్టు సెంటర్, అక్కడ మీకు ముఖపరిచయమున్న ఒక కౌన్సెలర్.
- కండోమ్‌లు, నీటితో చేసిన లూబ్రికెంట్ (జారుడు కోసం రాసుకునే జెల్). మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లుంటే కొత్త సూదులు, సిరంజిలు దొరికే చోటు.
- ఒక నోటుబుక్కు. అందులో పేర్లు ఉండవు. ఎందుకో తర్వాత చెబుతాను.

1. ముందు మీరే వెళ్లి టెస్టు చేయించుకోండి

ఈ అడుగు దాటేయాలని అందరికీ ఉంటుంది, దాటేయకండి. వెళ్లినప్పుడు ఇవన్నీ చూసి రాసుకోండి: ఏ గేటు నుంచి లోపలికి వెళ్లాలి, బోర్డు మీద ఏం రాసి ఉంది, పేరు, గుర్తింపు కార్డు అడుగుతారా, కూర్చునే చోట ఇంకెవరుంటారు, పేరు పెట్టి గట్టిగా పిలుస్తారా లేక టోకెన్ నంబరా, వేలు గుచ్చుతారా లేక నరం నుంచి రక్తం తీస్తారా, రిజల్ట్ అప్పుడే చెబుతారా, మళ్లీ రమ్మంటారా.

మీ వాళ్లు అడిగేవి ఇవే. "వైరస్ కణంలోకి ఎలా వెళ్తుంది?" అని ఎవరూ అడగరు. "లోపల తెలిసినవాళ్లు ఉంటారా?" అని అడుగుతారు. దానికి చూసొచ్చిన మనిషి జవాబు కావాలి.

అక్కడి సిబ్బంది వెటకారంగా మాట్లాడినా, అక్కర్లేని ఆరాలు తీసినా ఆ సెంటర్‌కి ఎవరినీ పంపకండి. ఇంకోటి వెతకండి. మొదట వెళ్లిన ఇద్దరికి అవమానం జరిగితే ఆ కబురు మీ పదిహేను మంది మాటలకన్నా వేగంగా పాకుతుంది. దగ్గర్లో మంచి సెంటర్ లేకపోతే సెల్ఫ్ టెస్ట్ కిట్లు ఒక మార్గం. అయితే కిట్‌లో పాజిటివ్ అని చూపించినంత మాత్రాన హెచ్‌ఐవి ఉన్నట్టు కాదు, సెంటర్‌లో మళ్లీ చేసి నిర్ధారించాలి. ఈ మాట కిట్ చేతిలో పెట్టేటప్పుడే చెప్పాలి.

2. మాట చెల్లేవాళ్లను ఎంచుకోండి

మీకు నచ్చినవాళ్లను ఎంచుకోవద్దు. "ఎవరైనా ముందుకు రండి" అని కూడా అడగొద్దు. అలా పిలిస్తే వచ్చేది సాధారణంగా మంచి పిల్లలు, అంటే ఎప్పుడూ జాగ్రత్తగా ఉండేవాళ్లు. వాళ్లు చెబితే మిగతావాళ్లు "నీకేం తెలుసులే" అంటారు.

ఇలా చేయండి. సర్కిల్‌లో అక్కడక్కడా ఇరవై మందిని విడివిడిగా పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది వస్తే, మనవాళ్లలో ఎవరి దగ్గరికి వెళ్తావు?" మళ్లీ మళ్లీ వినిపించే పేర్లే మీకు కావలసినవి. "ఎవరు బాగా పాపులర్?" అని అడిగితే మాత్రం జోకులేసేవాడి పేరు వస్తుంది. అతని దగ్గరికి నవ్వుకోవడానికి వెళ్తారు కానీ గుట్టు చెప్పుకోవడానికి వెళ్లరు.

పేర్లు వచ్చాక ఇంకోసారి చూడండి. అందరూ ఒకే జట్టు వాళ్లైతే మిగతా జట్లకు మాట చేరదు. రెండు జట్లలోనూ తిరిగేవాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. ఎవరితోనూ కలవకుండా ఓ మూల ఉండేవాళ్లకు ఎవరు దగ్గరో అది కూడా కనుక్కోండి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు చాలాసార్లు ఆ మూలే ఉంటారు.

హెచ్చరిక: ఎవరికి ఎవరు స్నేహితులో కాగితం మీద గీసుకోవచ్చు. ఎవరికి ఎవరితో లైంగిక సంబంధం ఉందో మాత్రం ఎక్కడా గీయకండి, రాయకండి, ఫోన్‌లో పెట్టకండి. అలాంటి కాగితం ఒక్కటి బయటపడితే ఎవరి కాపురం కూలుతుందో, ఎవరి ఉద్యోగం పోతుందో చెప్పలేం.

3. శిక్షణ: నాలుగు సిట్టింగులు చాలు

వారానికి ఒకటి, ఒక్కోటి గంటన్నర. మొదటిదాంట్లో విషయం, మిగతా మూడింట్లో మాట్లాడటం ప్రాక్టీసు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మూడు సిట్టింగులు స్లైడ్లు చూపించి చివర్లో పది నిమిషాలు "ఇప్పుడు మాట్లాడండి" అంటారు.

వాళ్లకు నోటికి రావలసిన విషయం ఇంతే:

- హెచ్‌ఐవి రక్తం, వీర్యం, యోని ద్రవాలు, మలద్వారంలోని ద్రవాలు, తల్లిపాల ద్వారా వస్తుంది. ముట్టుకుంటే, కౌగిలించుకుంటే, ఒకే కంచంలో తింటే, దోమ కుడితే రాదు.
- రబ్బరు కండోమ్‌తో నూనె, వాజలీన్ లాంటివి వాడితే అది చిరిగిపోతుంది. నీటితో చేసిన లేదా సిలికాన్ లూబ్రికెంటే వాడాలి.
- ప్రెప్ అంటే హెచ్‌ఐవి లేనివాళ్లు రాకుండా ముందుగా వాడే మందు. చెప్పినట్టు వాడితే సెక్స్ ద్వారా సోకే ప్రమాదం సుమారు 99 శాతం తగ్గుతుంది. రోజువారీ మాత్రే కాకుండా రెండు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షనూ ఉంది. ఆరు నెలలకోసారి తీసుకుంటే చాలే లెనాకపవిర్ ఇంజెక్షన్‌ను 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఏదైనా సరే, టెస్టులో నెగటివ్ అని తేలాకే, డాక్టరు చూశాకే మొదలుపెట్టాలి.
- పెప్ అంటే ప్రమాదం జరిగిపోయాక వేసుకునే మందు. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి.
- హెచ్‌ఐవి ఉన్నవాళ్లు రోజూ మందులు వాడి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) టెస్టుకు అందనంత తగ్గి అలాగే నిలిచి ఉంటే, సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు.
- విండో పీరియడ్: సోకిన మర్నాడే టెస్టులో కనపడదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే యాంటిజెన్/యాంటీబాడీ టెస్టు 18 నుంచి 45 రోజుల మధ్య పట్టుకుంటుంది. వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్టులకు, సెల్ఫ్ టెస్టులకు 90 రోజుల దాకా పట్టవచ్చు.

చివరిది రెండుసార్లు చెప్పించండి. మూడో రోజు టెస్టు చేయించుకుని "నెగటివ్ వచ్చింది, టెన్షన్ లేదు" అని తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 72 గంటలు దాటకపోతే ఆ మనిషి పరుగెత్తాల్సింది పెప్ కోసం. ఆ తర్వాత సరైన సమయానికి టెస్టుకు.

4. మాట ఎలా ఉండాలి

మొత్తం పనిలో సత్తా అంతా ఇక్కడే ఉంది. మాట "నువ్వు చేయాలి" అని కాకుండా "నేను చేశా" అని మొదలవ్వాలి. రెండు నిమిషాలు దాటకూడదు. చివర్లో వెళ్లడానికో చోటు చూపించాలి. ఉదాహరణకి:

"పోయిన వారం టెస్టు చేయించుకున్నాలే."
"ఏం టెస్టు?"
"హెచ్‌ఐవి."
"ఏమైందిరా నీకు?"
"ఏం కాలేదు. నా గతం నాకు తెలుసుగా, ఒకసారి చూసుకుంటే మంచిదనిపించింది. వేలు మీద చిన్న పోటు, అరగంటలో చెప్పేశారు. ఏమీ అడగలేదు కూడా."
"ఎవరైనా చూశారా?"
"వెనక గేటు నుంచి వెళ్లా. కావాలంటే ఈసారి నీతో నేనూ వస్తా."

ఇందులో "నువ్వు వెళ్లు" అన్న మాటే లేదు, గమనించండి. చివరి వాక్యమే పని చేయించేది. ఆ వాక్యం చెప్పాలంటే మొదటి అడుగు వేసినవాళ్లే చెప్పగలరు. అందుకే వాలంటీర్లు, అంటే మీరు ఎంచుకున్న మాట చెల్లేవాళ్లు, మాట్లాడటానికి బయల్దేరేలోపు తామూ టెస్టు చేయించుకుంటే మంచిదంటాను. బలవంతం మాత్రం లేదు, రిజల్ట్ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చేయించుకోనివాళ్లు చేయించుకున్నట్టు అబద్ధం ఆడకూడదు. "ఇలా ఉంటుందట, కనుక్కున్నా" అంటే చాలు.

ఆడవాళ్ల మధ్య చిక్కు వేరేగా ఉంటుంది:

"అక్కా, కండోమ్ అంటే ఆయన నన్నే అనుమానిస్తాడు."
"మా ఇంట్లోనూ అంతే. ‘నీమీద అనుమానం కాదు, ఇద్దరం కలిసి ఒకసారి చూపించుకుంటే నిశ్చింత’ అన్నా. వారం రోజులు గొణిగి తర్వాత వచ్చాడు."

ఇంట్లో కొడతాడు, తిడతాడు అన్న భయం ఎదుటామె మాటలో వినపడితే అక్కడితో ఆపేయండి. "మాట్లాడి చూడు" అని తోసేయొద్దు. భర్తకు తెలియకుండా ప్రెప్ వాడే వీలుందేమో కౌన్సెలర్‌ని అడగండి, హింస నుంచి సాయం దొరికే చోటు చెప్పండి. ఆమె క్షేమం మీ కార్యక్రమం కన్నా ముందు.

ప్రాక్టీసులో ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టండి. ఒకరు చెప్పేవారు, ఒకరు మొండికేసేవారు, మూడోవారు చూసేవారు. మూడోవారి పని "నువ్వు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. రెండోసారికి ఆ లెక్క సగం కావాలి. కాస్త పిల్లల ఆటలా ఉంటుంది కానీ ఉపన్యాసం అలవాటు ఇంతకన్నా త్వరగా వదలదు.

బిలోక్సీలో వాలంటీర్లు ట్రాఫిక్ లైటు బొమ్మ ఉన్న బ్యాడ్జీ పెట్టుకునేవారు. "ఏంటది?" అని ఎదుటివాళ్లే అడిగేవారు, మాట అక్కడ మొదలయ్యేది. మీరూ అలాంటిదేదైనా చూసుకోవచ్చు, కీచైనైనా సరే, ఫోన్ కవరు మీద స్టిక్కరైనా సరే. దానిమీద హెచ్‌ఐవి అని మాత్రం రాయొద్దు.

5. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు

ఆన్‌లైన్‌లోనూ ఇది పనిచేస్తుంది. 2013లో వచ్చిన లాస్ ఏంజెలెస్ అధ్యయనంలో, ఫేస్‌బుక్ గ్రూపుల్లో తోటివాళ్లు హెచ్‌ఐవి గురించి మాట్లాడిన చోట 44 శాతం మంది ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్ అడిగారు. మామూలు ఆరోగ్యం గురించే మాట్లాడిన గ్రూపుల్లో 20 శాతం మందే అడిగారు.

మనవాళ్లు ముందు చేసే పని వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ చేర్చేయడం. అది వద్దు. మామూలు గ్రూపులో ప్రతివారి నంబరూ అందరికీ కనపడుతుంది. "హెచ్‌ఐవి అవేర్‌నెస్" అని పేరున్న గ్రూపులో ఒకరి నంబరు కనపడితే చూసినవాళ్లు ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. పైగా అలాంటి గ్రూపు వారంలో గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోతుంది. దానికి బదులు:

- విడిగా మెసేజ్ చేయండి. ఎక్కువమందికి పంపాలంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి, ఒకరికొకరు కనపడరు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది.
- మొదటి మెసేజ్‌లో హెచ్‌ఐవి, కండోమ్ లాంటి మాటలు పెట్టొద్దు. ఫోన్ బల్ల మీద ఉంటుంది, స్క్రీన్ మీద మెసేజ్ వెలుగుతుంది, పక్కన అమ్మో అత్తో ఉంటుంది. "ఒక విషయం మాట్లాడాలి, ఖాళీనా?" అని పంపి జవాబు వచ్చాకే మొదలుపెట్టండి.
- మెసేజ్‌లు తమంతట అవే పోయేలా సెట్టింగ్ పెట్టుకోండి. అయినా స్క్రీన్‌షాట్ తీస్తే ఆపలేరు, అది గుర్తుంచుకుని రాయండి.
- గంభీరమైనదేదైనా వస్తే టైపింగ్ ఆపి కాల్ చేయండి.

6. చీటీల గొలుసు

టెస్టు చేయించుకున్న ప్రతివారికీ మూడు చీటీలు ఇవ్వండి. "నీకు తెలిసినవాళ్లలో ఇది అవసరమనిపించిన ముగ్గురికి ఇవ్వు" అనండి. మీకు తెలియని మూలలకు కూడా గొలుసు అలా పాకుతుంది. సెంటర్‌తో ముందే మాట్లాడి, చీటీ మీద కోడ్ నంబరు, చోటు, వేళలు మాత్రం ఉండేలా చూడండి. మూడే ఎందుకంటే, ఎన్నైనా ఇవ్వొచ్చంటే నలుగురిని ఎరిగిన ఒక్కడే మొత్తం పంచేస్తాడు, వచ్చేవాళ్లంతా అతని జట్టే అవుతారు.

చీటీకి బహుమతి పెట్టాలనుకుంటే చిన్నది పెట్టండి. పెద్దది పెడితే బలవంతంగా లాక్కొస్తారు. పాజిటివ్ వచ్చినవారిని తెచ్చినందుకంటూ ఏమీ ఇవ్వకూడదు, ఎప్పటికీ.

7. పాజిటివ్ అని తెలిస్తే

వాలంటీరు పని ఇక్కడ తక్కువ. చెవి ఒగ్గడం, తోడుగా కౌన్సెలర్ దాకా వెళ్లడం, చికిత్స మొదలయ్యేవరకు ఫోన్ చేసి పలకరించడం. "ఎవరి నుంచి వచ్చింది?" అని అడగకూడదు. భాగస్వామికి చెప్పడం ఎలా అన్నది ఆ మనిషీ కౌన్సెలరూ కలిసి తేల్చుకుంటారు. తెలిసిన విషయం వాలంటీరు మీకు కూడా చెప్పకూడదు, మీరు అడగకూడదు. నోటుబుక్కులో పేర్లు ఉండకూడదన్నది ఇందుకే.

మామూలుగా జరిగే పొరపాట్లు

భయపెట్టడం. పుర్రె బొమ్మలు, బక్కచిక్కిన శరీరాల ఫోటోలు చూసినవాళ్లు టెస్టుకు రారు, ముఖం తిప్పుకుంటారు. హెచ్‌ఐవితో బతుకుతున్నవాళ్లు మీ సర్కిల్‌లోనే ఉండి ఉండొచ్చు, ఆ బొమ్మ వాళ్లూ చూస్తారు.

"మనవాళ్లలో చాలామంది కండోమ్ వాడటం లేదు" అని చెప్పడం. దీన్ని హెచ్చరిక అనుకుని చెబుతారు. విన్నవాడికి అర్థమయ్యేది "ఓహో, ఎవరూ వాడరన్నమాట, నేనొక్కడినే కాదు" అని. వాడేవాళ్ల సంగతి చెప్పండి, అదీ నిజమైతేనే.

తెలియనిదానికి జవాబు చెప్పేయడం. "కనుక్కుని రేపు చెబుతా" అంటే వాలంటీరు పరువు పోదు. తప్పు చెప్పి దొరికిపోతేనే పోతుంది.

ఒకసారి మాట్లాడి "చెప్పేశాను" అని టిక్ పెట్టుకోవడం. ఒకే మాట ఇద్దరు ముగ్గురి నోట, వేర్వేరు రోజుల్లో వింటేనే కదలిక వస్తుంది.

పనిచేస్తోందో లేదో చూడటం

లైకులు, మీటింగుకి వచ్చినవాళ్ల సంఖ్య, పంచిన కరపత్రాలు, ఇవేవీ లెక్కలోకి రావు. పాజిటివ్‌ల సంఖ్యతో కూడా మీ పనిని కొలవకండి. టెస్టులు పెరిగితే మొదట్లో అది పెరగొచ్చు, అది చెడు కబురు కాదు.

మొదలుపెట్టకముందు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి, పేరు లేని చీటీ మీద ఇవే నాలుగు ప్రశ్నలు అడగండి. పదాలు కూడా మార్చొద్దు.

- గత మూడు నెలల్లో హెచ్‌ఐవి టెస్టు చేయించుకున్నారా?
- చివరిసారి సెక్స్‌లో కండోమ్ గానీ ప్రెప్ గానీ వాడారా?
- ఈ విషయం మీతో స్నేహితులెవరైనా మాట్లాడారా? ఎంతమంది?
- మీ స్నేహితుల్లో ఎక్కువమంది టెస్టు చేయించుకుంటారని మీరనుకుంటున్నారా?

చీటీలు మూతపెట్టిన డబ్బాలో వేయించండి. పదిమంది కూడా లేని చిన్న జట్ల ఫలితాలు విడిగా ప్రకటించొద్దు, ఎవరో ఇట్టే పట్టేస్తారు. సెంటర్‌ని అడిగితే ఎన్ని కోడ్ చీటీలు వచ్చాయో చెబుతారు. పేర్లు అడగకండి.

మూడో ప్రశ్నకు "లేదు" అన్నవాళ్లు ఎక్కువుంటే మీ వాలంటీర్లు మాట్లాడటం లేదు, లేదా తప్పు మనుషుల్ని ఎంచారు. రెండో అడుగుకి వెళ్లండి. ముగ్గురు నలుగురు మాట్లాడారంటున్నారు, అయినా టెస్టులు పెరగలేదు అంటే తేడా సెంటర్‌లో ఉంది. ఒక వాలంటీరుని మామూలు మనిషిలా పంపి, బయటికి వచ్చాక ఏం జరిగిందో గేటు దగ్గర నుంచి మొత్తం చెప్పించుకోండి. టెస్టులు పెరిగి, రెండో ప్రశ్న కదలకపోతే, కండోమ్‌లు, ప్రెప్ అసలు దొరుకుతున్నాయా, దొరికే చోట అడగడానికి సిగ్గుపడుతున్నారా అన్నది చూడండి. నాలుగూ మెరుగైతే ఎంచుకున్నవాళ్లలో సగం మందికి సెలవిచ్చి, చీటీల ద్వారా కొత్తగా వచ్చినవాళ్లలో మాట చెల్లేవాళ్లెవరో మళ్లీ అదే ప్రశ్నతో వెతకండి.